తెర మీద కాకతీయుల కాలం: అందులో మనం ఎక్కడ ఉన్నాం?

కాకతీయుల కాలం మీద తీసిన డాక్యుమెంటరీలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. డ్రోన్ పైకి లేచి వరంగల్ కోటలోని నాలుగు తోరణాలను చూపిస్తుంది. తర్వాత వేయిస్తంభాల గుడి వస్తుంది, దాని వెనక రామప్ప వస్తుంది. ఒక గంభీరమైన గొంతు గణపతిదేవుడి విజయాలు, రుద్రమదేవి ధైర్యం, ప్రతాపరుద్రుడి పతనం వరుసగా చెబుతుంది. గడ్డాలు అతికించుకున్న నటులు కత్తులు తిప్పుతారు. అంతా అయిపోవస్తుండగా ‘స్థానిక గిరిజనుల విశ్వాసం ప్రకారం’ అనే మాట వినిపిస్తుంది. మేడారం జాతర, జనం, బెల్లం, జంపన్న వాగు రెండు నిమిషాల్లో తెర మీదుగా వెళ్ళిపోతాయి. మళ్ళీ కోట, సూర్యాస్తమయం, పేర్లు.

ఇలాంటి సినిమాను ఆశ్రమ పాఠశాలలో, సాంఘికశాస్త్రం పాఠంలో భాగంగా పిల్లలకు చూపించామనుకుందాం. ఏడో తరగతి కోయ పిల్లవాడికి దాన్నుంచి అర్థమయ్యేది ఇది: రాజులకు చరిత్ర ఉంది, మనకు జాతర ఉంది. కోట కట్టినవాళ్ళు కాలంలో బతికారు, మనవాళ్ళు నమ్మకంలో బతికారు. ఈ మాట ఆ సినిమా ఎక్కడా నేరుగా అనదు. ఎవరికి ఎంత సేపు ఇచ్చింది, ఎవరి గురించి ఏ క్రియాపదం వాడింది అన్నదాంట్లోనే చెప్పేస్తుంది. కాబట్టి ఆ లెక్క తేల్చాల్సింది చూసేవాళ్ళమైన మనమే. ముఖ్యంగా పాఠం చెప్పే టీచర్లు, చేతిలో ఫోను పట్టుకుని తామే సినిమా తీయాలనుకుంటున్న మన యువకులు.

కెమెరా లేని కాలాన్ని తీయడం

నిన్నమొన్నటి ఉద్యమం మీద డాక్యుమెంటరీ తీసేవాడికి ఫోటోలు దొరుకుతాయి, పత్రికలు దొరుకుతాయి, బతికున్న సాక్షులు దొరుకుతారు. 13వ శతాబ్దాన్ని తీసేవాడికి ఇవేవీ ఉండవు. అతని చేతిలో ఉండేవి ఐదే: శాసనం రాసిన రాయి, శిథిలం, పాత పుస్తకం, జనం జ్ఞాపకం, తన ఊహ. మధ్యయుగాల మీద ఏ డాక్యుమెంటరీ తీసినా ఈ ఐదింటి కలపోతే. ఊహను వాడటం తప్పు కాదు, అది లేకుండా ఈ పని సాగదు. ఈ ఐదింటిలో దేనికి ఎంత చోటు ఇచ్చారు, ఏది రాయి చెప్పింది ఏది తాను ఊహించింది అని ప్రేక్షకుడికి తెలియజేశారా లేదా అన్నదే ఇలాంటి సినిమాను కొలిచే గీటురాయి.

పైన చెప్పిన మూసలో రాయికి పెద్దపీట. జనం జ్ఞాపకానికి గుమ్మం బయట చోటు. ఊహనేమో రాయి వెనక దాచిపెడతారు. రాజసభ దృశ్యంలో నటుడు పలికే మాటలు ఏ శాసనంలోనూ లేవు. అయినా అక్కడ ‘విశ్వాసం ప్రకారం’ అని చెప్పరు. కల్పించిన రాజసభ చరిత్రగా చెల్లుబాటు అవుతుంది, తరతరాలుగా పాడిన పాట నమ్మకంగా మిగిలిపోతుంది. మన అభ్యంతరం ఇదే.

శాసనం ఎందుకు పుడుతుంది?

‘సమ్మక్క యుద్ధాన్ని చెప్పిన కాకతీయ శాసనం ఏదైనా ఉందా?’ అని అడుగుతారు. ఇప్పటిదాకా చరిత్రకారులు అలాంటిది చూపలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి మనం జంకక్కర్లేదు. అయితే ఎదురు ప్రశ్న ఒకటి వేయాలి: శాసనం అసలు ఎందుకు వేయిస్తారు?

కాకతీయుల నాటి శాసనాల్లో ఎక్కువ భాగం దాన శాసనాలు. ఎవరో ఒక గుడికి భూమి ఇస్తారు, చెరువు తవ్విస్తారు, దీపానికి ఆవులను ఇస్తారు. ఆ పుణ్యం తమ పేరున నిలవాలని రాయి మీద చెక్కిస్తారు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి కట్టించాడని మనకు తెలిసింది అక్కడి శాసనం వల్లే. సముద్ర వ్యాపారులకు అభయమిచ్చిన మోటుపల్లి శాసనం లాంటివి కొన్ని మాత్రం వేరే పనికి పుట్టాయి. రుద్రమదేవి 1289లో చనిపోయిందని చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. అది బయటపడక ముందు ఆమె ఇంకొన్నేళ్ళు పాలించిందనే చరిత్రకారులు రాశారు. ఒక్క రాయి దొరికేసరికి ఒక రాణి పాలనాకాలమే మారిపోయింది. రాయి మాట కూడా ‘ఇప్పటికి దొరికినంతవరకే’ అని దీనివల్ల తేలుతుంది.

ఇప్పుడు గుడి కట్టని, గుడికి దానమివ్వని, విగ్రహం పెట్టని జనం సంగతి చూడండి. మేడారంలో ఈరోజుకీ ఉన్నవి గద్దెలు. తల్లి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో వస్తుంది. వెదురు, పసుపు, కుంకుమ తప్ప చెక్కిన బొమ్మ లేదు. అలాంటి జనానికి దాన శాసనం వేయించే అవసరమేముంది? దానాల చిట్టాలో మన పేరు లేకపోతే మనం దానం ఇవ్వలేదని అర్థం. లేమని అర్థం కాదు. డాక్యుమెంటరీ తీసేవాడు ఈ ఒక్క వాక్యం ప్రేక్షకుడికి చెబితే చాలు, సగం అన్యాయం తీరుతుంది.

రామప్ప, మేడారం రెండూ ఈరోజు ఒకే ములుగు జిల్లాలో ఉన్నాయి. 2021లో రామప్పకు యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, అది సంతోషించాల్సిన విషయమే. కానీ ఒకదాన్ని చరిత్ర విభాగంలోనూ, రెండోదాన్ని పండుగల విభాగంలోనూ పెట్టి తీసే పద్ధతి వల్ల, ఈ రెండూ ఒకే అడవిలో, ఒకే కాలాన్ని గురించి మాట్లాడుతున్నాయన్న ఊహే ప్రేక్షకుడికి రాదు.

చెరువుల సంగతీ ఇంతే. పాకాల, రామప్ప, లక్నవరం చెరువులను చూపించి కాకతీయుల నీటిపారుదల జ్ఞానాన్ని మెచ్చుకోని డాక్యుమెంటరీ ఉండదు. ఆ మెప్పుకు అవి తగినవే. కాకతీయుల కాలంలో సేద్యం మెట్ట ప్రాంతాల లోపలికి విస్తరించిందని, అందుకు చెరువులే ఆధారమయ్యాయని సింథియా టాల్బట్ లాంటి చరిత్రకారులు శాసనాలను లెక్కగట్టి చూపించారు. సేద్యం విస్తరించిందంటే అంతకు ముందు అక్కడ ఏముంది? ఎవరు తిరిగారు? పోడు కొట్టుకున్నవాళ్ళూ వేటాడుకున్నవాళ్ళూ ఎటు జరిగారు? జవాబు చేతిలో లేకపోయినా ఈ ప్రశ్న వేయొచ్చు. ప్రశ్నే వేయని సినిమా ఆ అడవి ఖాళీగా ఉందని పరోక్షంగా చెప్పినట్టే.

రాజు చావుకు నాలుగు కథలు

మన కథను పక్కన పెట్టడానికి చెప్పే రెండో కారణం, అది ఊరికో తీరుగా ఉంటుందని. నిజమే. సమ్మక్క పుట్టుక గురించి, చుట్టరికాల గురించి, యుద్ధం గురించి చెప్పే గట్టును బట్టి, ఊరిని బట్టి కథ మారుతుంది. కాబట్టి అది చరిత్ర కాదంటారు.

అయితే ప్రతాపరుద్రుడి చావు చూద్దాం. 1323లో ఓరుగల్లు ఉలుగ్ ఖాన్ సైన్యానికి లొంగింది. బందీ అయిన రాజును ఢిల్లీకి తరలించారు. తర్వాత ఏమైంది? ఢిల్లీ పక్షాన రాసిన షమ్స్ సిరాజ్ అఫీఫ్ దారిలో చనిపోయాడన్నాడు. ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం నర్మదా తీరంలో చనిపోయాడంది. 1423 నాటి కలువచేరు శాసనం తన ఇష్టంతోనే దేవలోకానికి వెళ్ళాడంది. తర్వాతి కాలంలో పుట్టిన ప్రతాపరుద్ర చరిత్రమైతే ఆయన్ను ఢిల్లీ నుంచి క్షేమంగా ఓరుగల్లుకు తిరిగి తీసుకొచ్చింది.

ఒక్క రాజు, ఒక్క చావు, నాలుగు కథలు. అయినా ప్రతాపరుద్రుడు పురాణ పురుషుడని ఎవరూ అనలేదు. చరిత్రకారులు ఆ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి, ఏది ఎప్పుడు పుట్టింది, ఎవరి అవసరం కోసం పుట్టింది అని విచారించారు. మంచి పద్ధతి. అదే పద్ధతి సమ్మక్క కథకు ఎందుకు పనికిరాదు? కన్నెపల్లిలో సారలమ్మ గురించి ఏం చెబుతారు, పూనుగొండ్లలో పగిడిద్దరాజు గురించి ఏం చెబుతారు, కొండాయిలో గోవిందరాజు గురించి ఏం చెబుతారు అని విని పక్కపక్కన పెట్టిన డాక్యుమెంటరీ ఒకటి వస్తే, అది రాజసభల నాటకాలన్నిటికంటే ఎక్కువ చరిత్ర అవుతుంది. తేడాలు ఉండటం సాక్ష్యానికి లోపం కాదు. తేడాలను తుడిచేసి ఒకే కథగా చెప్పడమే లోపం.

ఇంకో మాట. కోయ డోలి కళాకారులు బొమ్మలున్న పగిడె గుడ్డను విప్పి, గట్టుల పుట్టుపూర్వోత్తరాలు పాడతారు. అదీ ఒక దస్తావేజే. 2022లో పద్మశ్రీ అందుకున్న సకిని రామచంద్రయ్య గారు అలాంటి పాటల భాండారం. 2024లో ఆయన కన్నుమూశారు. శాసనం రాయి ఇంకో వందేళ్ళు ఆగగలదు. పాడే గొంతు ఆగదు. కోటను డ్రోన్‌తో వందోసారి తీయడానికి ఖర్చుపెట్టే డబ్బులో కొంతైనా ఇటు రావాలని అడగడానికి కారణం ఇదే.

రాతలో ఉన్నా తిప్పలే

లిఖిత ఆధారం ఉంటే మనకు న్యాయం జరుగుతుందా? గోండు రాజ్యాల సంగతి చూడండి. గఢా రాణి దుర్గావతి 1564లో అక్బరు సేనాని ఆసఫ్ ఖాన్‌తో పోరాడి ప్రాణం విడిచింది. ఆ పోరాటాన్ని వివరంగా రాసింది అక్బరు ఆస్థానంలోని అబుల్ ఫజల్, అంటే గెలిచినవాళ్ళ మనిషి. ఆమె శౌర్యాన్ని అతనే మెచ్చుకున్నాడు. దుర్గావతి పుట్టింది చందేలు వంశంలో, ఏలింది గోండుల రాజ్యాన్ని. సంగ్రామ్ షా కోడలిగా, దళపతి షా భార్యగా ఆమె ఆ రాజ్యానికి వచ్చింది. ఆమె గురించి చెప్పేటప్పుడు పుట్టింటి వంశం గొప్పగా చెప్పి, రాజ్యం ఎవరిదో ఒక్క ముక్కలో దాటేయడం అలవాటైపోయింది. ఆమె వెనక నిలబడి పోరాడిన గోండులు తెర మీద గుంపుగానే కనిపిస్తారు.

అంటే అడ్డంకి ఆధారం లేకపోవడం ఒక్కటే కాదు. ఆధారాన్ని ఎటువైపు నిలబడి చదువుతున్నాం అన్నదీ ఉంది. చాందా గోండు రాజుల గురించి, జంగుబాయి గురించి, పహండి కుపార్ లింగల్ గురించి ఆదిలాబాద్‌లో తోటీలు, ప్రధానులు ఇప్పటికీ కిక్రి మీద పాడతారు. అబుల్ ఫజల్ పుస్తకాన్నీ, ఈ కిక్రి పాటలనూ ఒకే సినిమాలో, సమానమైన గౌరవంతో వినిపించొచ్చు.

కొమ్ములు, ఆకులు, మొక్కజొన్న

ఇక వేషాల సంగతి. అడవి మనుషులు అనగానే ఆకులు కట్టించి, ముఖానికి మసి పూసి, తలకు కొమ్ములు పెట్టి యుద్ధానికి పంపిస్తారు. కొమ్ము నృత్యపు వేషం పండుగల్లో, పెళ్ళిళ్ళలో వేసేది. దాన్ని యుద్ధపు దుస్తులుగా చూపడం, పెళ్ళిబట్టలతో పొలం దున్నుతున్నట్టు చూపడమే. పక్కనే రాజు సైనికులకు మాత్రం ఏ కవచం, ఏ కత్తి అని శిల్పాలు చూసి మరీ కుట్టిస్తారు. శ్రద్ధ ఎవరి మీద ఉందో బట్టలే చెబుతాయి.

ఇంటి ముందు ఎండు మిరపకాయలు ఆరబెట్టి ఉంటాయి, వెనక మొక్కజొన్న చేను కనిపిస్తుంది. మిరప, మొక్కజొన్న, టమాట, పొగాకు అమెరికా ఖండాల పంటలు. ఐరోపా ఓడలు వచ్చాకే మన దేశానికి చేరాయి. ప్రతాపరుద్రుడి కాలపు కోయ ఇంట్లో అవి ఉండే వీలే లేదు. జొన్న, కొర్ర, సామ, ఇప్పపువ్వు, దుంపలు చూపించాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ సినిమా తీసేవాడు మన పూర్వీకుల వంటింటి గురించి ఒక పూట ఆలోచించాడా లేదా అన్నది దీనితో తెలిసిపోతుంది.

మాటల వేషం ఇంకా ప్రమాదం. ‘కప్పం కట్టనందుకు తిరుగుబాటు చేశారు’ అంటారు. తిరుగుబాటు అంటే అప్పటికే లొంగి ఉన్నవాడు ఎదురు తిరగడం. అడవి రాజుదే అని ముందే ఒప్పేసుకుంటే గానీ ఆ మాట రాదు. కరువులో పన్ను అడగడానికి వచ్చిన సైన్యాన్ని అడ్డుకున్నారని మన కథ చెబుతుంది. దాన్ని ‘రాజ్యం అడవిలోకి దండెత్తింది’ అని కూడా చెప్పొచ్చు. ‘అమాయక గిరిజనులు’ అనేది ఇంకొకటి. యుద్ధం చేసినవాళ్ళు అమాయకులు ఎలా అవుతారు?

ఇతర దేశాల్లో ఏం చేశారు?

మనలాంటి జనాలు వేరే చోట్ల ఈ సమస్యను ఎదుర్కొన్నారు. 1922లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ ఉత్తర కెనడాలోని ఇన్యూట్ జనం మీద వచ్చిన పేరున్న డాక్యుమెంటరీ. అప్పటికే వాళ్ళు తుపాకులతో వేటాడుతున్నారు. ఫ్లాహెర్టీ మాత్రం పాతకాలపు ఈటెలతో వేటాడించాడు. నానూక్ అన్న పాత్రధారి అసలు పేరు అల్లకరియల్లక్. భార్యగా చూపించినామె అతని భార్య కాదు. ఇవేవీ ప్రేక్షకుడికి చెప్పలేదు. బతికున్న మనుషులను గతంలోకి తోసి, అదే వాళ్ళ వర్తమానమని చూపించాడు.

1964లో బీబీసీ కోసం పీటర్ వాట్కిన్స్ తీసిన ‘కలోడెన్’ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. 1746లో స్కాట్లాండ్ కొండజాతుల సైన్యాన్ని బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం ఊచకోత కోసిన యుద్ధం అది. మధ్యయుగం కాదు గానీ కెమెరా లేని కాలమే. వాట్కిన్స్ అక్కడ టీవీ విలేకరి ఉన్నట్టే తీశాడు. సైనికుల దగ్గరికి వెళ్ళి నువ్వెవరు, నీకున్న భూమి ఎంత అని ఆరా తీస్తున్నట్టు చూపించాడు. అప్పట్లో టీవీ లేదని అందరికీ తెలుసు కాబట్టి, ఇది కట్టిన దృశ్యమని దాపరికం లేకుండానే అర్థమవుతుంది. నటించినవాళ్ళు వృత్తి నటులు కారు, కొండజాతుల సైన్యంగా కనిపించేది ఆ ప్రాంతపు జనమే. రాజకుమారుడి కథగా చెప్పుకునే యుద్ధాన్ని ఆయన కౌలుదారు కథగా మార్చాడు.

2001లో ఇన్యూట్ దర్శకుడు జకరియాస్ కునుక్ ‘అటనర్జువాట్’ తీశాడు. అది డాక్యుమెంటరీ కాదు, తమ జాతి పూర్వకాలపు మౌఖిక కథను తీసిన సినిమా. పెద్దలు చెప్పిన వేర్వేరు కథనాలను రికార్డు చేసుకుని స్క్రిప్టు రాసుకున్నారు. దుస్తులు, పనిముట్లు ఊరివాళ్ళే పాత పద్ధతిలో తయారు చేశారు. సినిమా అంతా ఇన్యూక్టిటుట్ భాషలోనే నడుస్తుంది. కేన్స్ ఉత్సవంలో తొలి సినిమాకు ఇచ్చే కెమెరా డోర్ బహుమతి దానికి వచ్చింది. చివర్లో పేర్లు పడేటప్పుడు, ఇప్పటి బట్టల్లో కెమెరాలతో మంచు మీద పనిచేస్తున్న ఇన్యూట్ బృందం కనిపిస్తుంది. పూర్వీకుల కథ చెప్పినవాళ్ళం ఈ కాలపు మనుషులమే అని అది గుర్తు చేస్తుంది. నానూక్‌కు అది తగిన జవాబు.

మన వీడియోల సంగతి

బయటివాళ్ళను మాత్రమే విమర్శించి ఊరుకుంటే సగం పనే. మన యువకులు తీస్తున్న వీడియోల్లోనూ తప్పులు ఉన్నాయి. యుద్ధం జరిగిన తేదీ, వారం, సైనికుల సంఖ్య కచ్చితంగా చెప్పేస్తున్నారు. ప్రతాపరుద్రుడు 1289 నుంచి 1323 వరకు పాలించాడని చెప్పగలం. యుద్ధానికి తేదీ పెట్టగలిగే ఆధారం మన చేతిలో లేదు. లేని తేదీ పెట్టడం మన పాటకు బలం కాదు. ఎవరైనా ఒక్క ప్రశ్న వేస్తే ఆ తేదీతో పాటు కథ అంతా కొట్టుకుపోతుంది.

రెండోది, రాజుల సినిమాల నుంచే మూస తెచ్చుకోవడం. సమ్మక్కకు కిరీటం, సింహాసనం, నగలు పెట్టి రాణిగా మార్చేస్తున్నారు. గద్దె మీద విగ్రహం లేని తల్లికి తెర మీద కిరీటం ఎందుకు? కోటలు ఉంటేనే చరిత్ర అన్న వాళ్ళ కొలతను మనం ఒప్పుకున్నట్టే కదా!

మూడోది, తీయకూడనిది తీయడం. చిలకలగుట్ట మీద వడ్డెలు చేసే పూజ అందరికీ చూపేది కాదు. కెమెరా గుట్ట కింద ఆగాలి. అక్కడ ఆగిందని, ఎందుకు ఆగిందని చెప్పడం కూడా సినిమాలో భాగమే. చూపించకపోవడం ద్వారా ఒక జాతి నియమాన్ని తెలియజేయొచ్చు.

తీస్తే ఎలా తీయాలి?

ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒక ఫోను, ఒక మంచి మైకు, ఓపిక చాలు. పాడే పెద్దమనిషిని ఆయన ఇంటి దగ్గరే, ఆయన భాషలోనే పాడనివ్వండి. కోయను కోయగా వినిపించి, తెలుగు తెర కింద రాయండి. వరంగల్ ప్రొఫెసర్ గారి పేరు, హోదా ఎలా వేస్తారో, ఆ పెద్దాయన పేరు, ఊరు, గట్టు కూడా అంతే పెద్ద అక్షరాలతో వేయండి. శాసనం చూపించినప్పుడు అందులో ఉన్నది చదివించండి, లేనిదేమిటో కూడా చెప్పండి. మీరు ఊహించిన దృశ్యం వచ్చినప్పుడు ‘ఇది మా ఊహ’ అని తెర మీద రాయండి. తీసిన సినిమాను ముందు ఆ ఊళ్ళోనే చూపించండి, వద్దన్నది తీసేయండి, ఒక కాపీ ఊరికి ఇవ్వండి.

టీచర్లకు ఒక సూచన. చరిత్ర డాక్యుమెంటరీ ఏది చూపించినా, పిల్లల చేత నోటుబుక్కులో నాలుగు గడులు గీయించండి: రాయి చెప్పింది, పుస్తకం చెప్పింది, జనం చెప్పింది, సినిమావాళ్ళు ఊహించింది. సినిమా నడుస్తుండగా ఏ మాట ఏ గడిలోకి వస్తుందో వాళ్ళే రాయాలి. రాజసభ మాటలు నాలుగో గడిలో పడినప్పుడు, తాత పాడిన పాట మూడో గడిలో నిలబడినప్పుడు, ఏడో తరగతి పిల్లవాడికి ఇంకొకరు చెప్పకుండానే సంగతి అర్థమవుతుంది. మర్నాడు అతను ఇంటికెళ్ళి తాతను రెండు ప్రశ్నలు అడిగితే, మనకు కావాల్సిన డాక్యుమెంటరీ అక్కడే మొదలైనట్టు.